ప్లేనర్ కొనే ముందు మూడు నెలల లెక్క



పోయిన నెల కుట్టు మిషనుకి నూనె ఎట్లా వెయ్యాలో రాసినాను. అది చదివి ఆండర్సన్‌పేట నుంచి ఒక అక్క మా ఇంటికే వచ్చింది. ఆమె మాట కుట్టు మిషను గురించి కాదు. "అన్నా, మా ఇంటాయన మిల్లు పని పోయినాక కొయ్య పని చేస్తా ఉండాడు. ఇప్పుడు చెక్కని నున్నగా తీసే మిషను ఇంట్లోనే పెట్టుకుంటానని పట్టు పట్టినాడు. ముప్పై అయిదు వేలంట. నా దగ్గర ఉండేది చీటీ దుడ్డు ఒక్కటే. ఇమ్మంటావా, వద్దంటావా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఎందుకంటే రెండేళ్ళ కిందట ఇదే ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. అప్పుడు కుదువకి పోబోయింది చీటీ దుడ్డు కాదు, మా కోడలి మెళ్ళో గొలుసు. ఆ కథంతా చెప్తే ఆమెకే కాదు, మన కాలనీల్లో ఇంట్లో పని పెట్టుకోవాలనుకునే వాళ్ళందరికీ పనికొస్తుందని ఈ నెల ఇదే రాస్తా ఉండాను.

నేను చదివింది నాలుగో తరగతి. మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో టింబరింగ్ పని చేసినాడు. అంటే గని లోపల పైరాయి కూలకుండా కొయ్యలు నిలబెట్టే పని. నేను గనికి పోలేదు, బెంగళూరులో ఒక బట్టల మిల్లుకి పోయినాను. 26 ఏళ్ళు మగ్గాల షెడ్డులో ఉండినాను, అందులో చివరి తొమ్మిదేళ్ళు ఫిట్టరు దగ్గర. కొయ్య పని నాకు రాదు. మిషను ఎట్లా చెడిపోతుందో, మనిషిని ఎట్లా చెడుపుతుందో, అది మాత్రం బాగా తెలుసు.

మా పెద్దోడు వడ్రంగి. 2001 ఫిబ్రవరి 28న గని మూసినాక మన ఊళ్ళో చానా మంది బతుకు రైలెక్కింది కదా. వాడూ మారికుప్పం నుంచి తెల్లవారి బండికి పోయి, బెంగళూరులో ఇళ్ళకి కప్‌బోర్డులు చేసి, రాత్రి బండికి వచ్చేవాడు. ఒకరోజు వాడి కాంట్రాక్టరు మూడు నెలల కూలీ ఎగ్గొట్టి ఫోను ఆపేసినాడు. వాడు ఇంట్లో రెండు రోజులు మాట్లాడకుండా కూర్చుని, మూడో రోజు అన్నాడు: "నాయనా, ఇంక రైలు వద్దు. పెరట్లో రేకుల షెడ్డు వేసి నేనే చేస్తా. పీటలు, దేవుడి మంటపాలు, కిటికీ తలుపులు, ఏది దొరికితే అది. ఒక థిక్‌నెస్ ప్లేనర్ ఉంటే చాలు."

కోడలు ఏమీ అనలేదు. లోపలికి పోయి గొలుసు తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. బంగారం తవ్విన ఊరు మనది. అయినా మన ఇళ్ళల్లో ఉండే బంగారం ఆ ఒక్క గొలుసే. మా ఇంటామె ముఖం చూస్తే నాకు నోట మాట రాలేదు.

నేను ఒక్కటే చెప్పినాను: "మూడు నెలలు ఆగు. అంతవరకు చెక్క బయట చిత్రిక పట్టించుకో. పోయిన ప్రతిసారీ ఈ నోటుబుక్కులో రాయి." వాడికి కోపం వచ్చింది. కానీ రాసినాడు.

ముందు ఆ మిషను ఏం చేస్తుందో, ఏం చెయ్యదో చెప్తాను. ఇది తెలీక దుడ్డు పోగొట్టుకున్న వాళ్ళు ఉండారు.

చెక్క నున్నగా తీసే చేతి పనిముట్టుని మనం చిత్రిక అంటాం. బెంగళూరులో పని చేసే పిల్లోళ్ళు రందా అంటారు. కరెంటుతో తీసేది మూడు రకాలుగా దొరుకుతుంది.

మొదటిది చేత్తో పట్టుకుని తోసేది, హ్యాండ్ ప్లేనర్ అంటారు. మూడంగుళాల పైన కొంచెం వెడల్పు, 82 మిల్లీమీటర్లు తీస్తుంది. కొన్ని వేలల్లో వస్తుంది. తలుపు అంచు తియ్యను బాగుంటుంది. వెడల్పు పలకని సమంగా తియ్యాలంటే మాత్రం చెయ్యి బాగా తిరిగి ఉండాల, లేకపోతే మెట్లు మెట్లుగా వస్తుంది.

రెండోది పోత ఇనుముతో చేసిన బరువు మిషను. పైన బల్ల మాదిరి ఉండి, మధ్యలో బ్లేడ్ల గుండు తిరుగుతుంది. కింద మోటారు, దానికి బెల్టు. చెక్కని చేత్తో బల్ల మీద తోస్తారు. దీన్ని సర్ఫేస్ ప్లేనర్ అంటారు. వంకర చెక్కని మొదట చదును చేసేది ఇదే. కొన్నిట్లో పక్కన రంపం కూడా బిగించి ఉంటారు. పంజాబు, గుజరాత్ వైపు చేసి పంపిస్తారు. పాతకాలం కొయ్య అంగళ్ళలో చూసింటారు. వేళ్ళు పోగొట్టుకున్న వడ్రంగులు మన ఊళ్ళో ఎవరన్నా ఉంటే, ఎక్కువ మంది ఈ బల్ల మీదే పోగొట్టుకునింటారు, బ్లేడు పైకి తెరిచి ఉంటుంది కాబట్టి.

మూడోది మా వాడు అడిగిన థిక్‌నెస్ ప్లేనర్. పెట్టె మాదిరి ఉంటుంది, ఇద్దరు ఎత్తి పెట్టొచ్చు. మిల్లులో రోలర్లు బట్టని లాక్కున్నట్టు ఇది చెక్కని ఒకవైపు నుంచి లాక్కుని, పై ముఖం మీద బ్లేడుతో తీసి, ఇంకోవైపు వదులుతుంది. నాలుగు పలకలు పెడితే నాలుగూ ఒకే మందంలో వస్తాయి. పీట కాళ్ళకీ, తలుపు చట్రానికీ ఆ ఒకే మందమే ముఖ్యం.

ఇక్కడ అందరూ ఒక పొరపాటు పడతారు. ఈ మిషను వంకర చెక్కని తిన్నగా చెయ్యదు. అడుగు ముఖం ఎట్లా ఉంటే పై ముఖాన్ని దానికి సమంగా తీస్తుంది, అంతే. వంగిన పలకని పెడితే రోలరు దాన్ని అదిమి చదును చేసినట్టు చూపిస్తుంది, బయటికి రాగానే అది మళ్ళీ వంగుతుంది. కాబట్టి ఒక ముఖం ముందుగా చిత్రికతో చదును చేసే వాడికే ఈ మిషను. చేతి పని రాని వాడికి ఇది ఉపయోగం లేదు. మా వాడికి చేతి పని వచ్చు, కాబట్టి అడగడంలో తప్పు లేదు.

ఇంకో మాట. మన వడ్రంగులు అంగుళంలో ఎనిమిదో వంతుని ఒక నూలు అంటారు. మిల్లులో నూలంటే దారం, వీళ్ళ నోట్లో నూలంటే కొలత. మూడు మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ. ఇట్లాంటి చిన్న ప్లేనర్లు ఒకసారికి ఒక నూలు దాకా తీస్తాయని కాగితంలో రాసి ఉంటుంది. వెడల్పు పలక మీద అంత తియ్యకండి. అర నూలు, అంతకన్నా తక్కువ తీస్తే మోటారు బతుకుతుంది, చెక్క పేళ్ళు లేవదు. అడుగు కన్నా పొట్టి ముక్కలు ఇందులో పెట్టకూడదు. రెండు రోలర్ల మధ్య అందక తిరగబడి ఎదురు తన్నుతాయి.

ఇప్పుడు నోటుబుక్కు సంగతి.

మొదటి నెల వాడు కొయ్య మిల్లుకి పోయింది 2 సార్లు. రెండో నెల 3 సార్లు. మూడో నెల 6 సార్లు. మొత్తం 11. ఒక్కోసారికి ఆటోకి 300, చిత్రిక పట్టినందుకు సుమారు 400. అంటే 11 సార్లకి 7,700 రూపాయలు. నెలకి రెండు వేల అయిదు వందల పైన. నేను లెక్క చూసి, "ఇంతేనా? దీనికి నలభై వేల మిషను ఎందుకు?" అన్నాను.

అప్పుడు కోడలు పొయ్యి దగ్గర నుంచి అనింది: "మామా, ఆయన పోయిన ప్రతిసారీ అరపూట పోయింది. అది రాయలేదు మీరు."

నిజమే. 11 అరపూటలంటే అయిదున్నర రోజులు. రోజుకి 900 కూలీ వేసుకున్నా 4,950. రెండూ కలిపితే 12,650. నెలకి నాలుగు వేల రెండు వందలు. బ్లేడ్లు, కరెంటు, మాస్కులు, రిపేరుకి పక్కన పెట్టేది కలిపి నెలకి 700 తీసేసినా, మిషను ఇంట్లో ఉంటే 3,500 మిగులుతుంది. 42,000 పెట్టి కొంటే సుమారు ఏడాదికి దాని దుడ్డు అది తెచ్చుకుంటుంది. లెక్క ఇట్లా చూసినాక కొనొచ్చు అనిపించింది. మొదటి నెల లెక్క ఒక్కటే చూసి ఉంటే ఈ మాట చెప్పలేను. పని పెరుగుతా ఉందని మూడు నెలల లెక్క చూపించింది.

ఆ నోటుబుక్కే ఇంకో సంగతి కూడా చెప్పింది. వాడు పట్టించిన పలకల్లో దాదాపు అన్నీ పది అంగుళాల లోపలే. కాబట్టి 18 అంగుళాల పెద్ద మిషను వద్దు, 12 అంగుళాలది చాలు. చూసినారా, ఏ సైజు కొనాలో అంగడివాడు చెప్పలేదు, మన లెక్కే చెప్పింది.

తర్వాత మేమిద్దరం బెంగళూరుకి పోయినాం. మొదట పాత మిషను చూద్దామని ఒక అంగడికి పోయినాం. పోత ఇనుముది, మూడు హెచ్.పి. మోటారు. పచ్చ రంగు కొత్తగా వేసి ఉండింది. 28 వేలకి ఇస్తానన్నాడు. మా వాడు రంగు చూసి మురిసిపోయినాడు. నేను ఆడించమన్నాను.

నా చెవులు సగం పోయినాయి, మగ్గాలు తీసుకున్నాయి. కానీ నా వేళ్ళు పోలేదు. కప్పు ఉన్న వైపు బేరింగు పెట్టె మీద చెయ్యి పెట్టినాను. మంచి బేరింగు ఒకే తీరుగా వణుకుతుంది. ఇది టకటక కొడతా ఉండింది. ఆపి, కరెంటు తీయించి, బ్లేడ్ల గుండుని చేత్తో పైకీ కిందికీ కదిపితే ఆడింది. "అన్నా, రంగు కొత్తది, బేరింగు పాతది" అన్నాను. అంగడివాడు నవ్వి ఊరుకున్నాడు. మేము టీ తాగి బయటికి వచ్చేసినాం.

పాత మిషను కొనొద్దని నేను అనను. కొంటే ఈ నాలుగు చూడండి. ఒకటి, ఆడించకుండా దుడ్డు ఇవ్వొద్దు. రెండు, పది నిమిషాలు ఆడినాక ఆపి బేరింగు మీద చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి పెట్టలేనంత కాలితే వద్దు. మూడు, మీరే ఒక వెడల్పు పలక తీసుకుపోయి అందులో పెట్టి, బయటికి వచ్చినాక రెండు అంచుల మందం కొలవండి. తేడా పావు నూలు దాటితే బల్ల వంకరగా ఉన్నట్టు. నాలుగు, పలక మొదట్లో, చివర రెండు మూడు అంగుళాల దూరం గుంట పడిందా చూడండి. కొంచెం గుంట కొత్త మిషన్లలో కూడా పడుతుంది, అందుకే వడ్రంగులు పలకని నాలుగు అంగుళాలు పొడుగ్గా పెట్టి తర్వాత కోస్తారు. లోతుగా పడితే రోలర్లు అరిగినట్టు.

తర్వాత కొత్తవి చూసినాం. పేరున్న కంపెనీలవి మేము అడిగినప్పుడు యాభై వేలు దాటినాయి. ఉదాహరణకి మకిటా 2012ఎన్‌బి అనేది 304 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 12 అంగుళాలు, 1,650 వాట్లు, బరువు 28 కేజీలు. డీవాల్ట్ డిడబ్ల్యూ735 అనేది 13 అంగుళాలు, మూడు బ్లేడ్లు, నిమిషానికి 10,000 సార్లు తిరుగుతుంది. పెద్ద పేరు లేనివి ముప్పై నుంచి నలభై అయిదు వేల మధ్యలో చూపించినారు. చూడను అన్నీ ఒకటే మాదిరి ఉంటాయి. మేము అడిగిన ప్రశ్నలు ఇవి: బ్లేడ్లు ఎక్కడ దొరుకుతాయి, జత ఎంత? కార్బన్ బ్రష్షులు ఉండాయా? రోలరు పోతే తెప్పిస్తావా? జీఎస్టీ బిల్లు ఇస్తావా? "బ్లేడ్లు ఆన్‌లైన్‌లో చూసుకోండి" అన్న అంగడిలో మేము కొనలేదు. మగ్గం కొన్నవాడు షటిల్ కూడా దొరుకుతుందా అని చూసుకోవాల కదా, అట్లానే.

అమెరికాలోనో ఇంకో చోటో ఉండే చుట్టాలు తెచ్చి ఇస్తామంటే జాగ్రత్త. అమెరికా మిషన్లు 120 వోల్టులకి చేసినవి. మన ఇంట్లో 230 వోల్టులు. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

కరెంటు గురించి కూడా చెప్పాల. 1,650 వాట్ల మిషను సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టొద్దు, గీజరు పెట్టే పెద్ద ప్లగ్గు కావాల. ఎక్స్‌టెన్షన్ వైరు సన్నది వాడితే వైరు కాలుతుంది, మోటారుకి బలం చాలదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు అడగండి. మన పాత లైను ఇళ్ళల్లో వైరింగు మా పిల్లోళ్ళ వయసు కన్నా పాతది, ముందు ఎలక్ట్రీషియనుకి చూపించండి. గంట ఆడితే ఒకటిన్నర యూనిట్టు పైన, అంతే, భయపడక్కర లేదు. కానీ గృహజ్యోతి పథకంలో వచ్చే 200 యూనిట్ల ఉచిత కరెంటు ఇంటి వాడకానికే. పని పెట్టుకున్నాక బెస్కాం ఆఫీసులో అడిగి షెడ్డుకి వేరే మీటరు పెట్టించుకున్నాం. తర్వాత ఎవరో వచ్చి జరిమానా వేస్తారని భయం లేకుండా నిద్ర పోవచ్చు.

ఇప్పుడు చెక్క. కొత్త టేకు కొనేంత దుడ్డు మన దగ్గర ఉండదు. మా వాడు ఎక్కువగా వాడేది పైన్ చెక్క. నరసాపుర, మాలూరు ఫ్యాక్టరీలకి సామాను వచ్చే ప్యాలెట్లు విప్పి అమ్ముతారు, అది. శ్రీనివాసపురం వైపు ముసలి మామిడి చెట్లు కొట్టినప్పుడు మామిడి పలక వస్తుంది. పడగొట్టిన పాత ఇళ్ళ తలుపులు కూడా తీసుకుంటాడు. ఈ పాత కొయ్య అంతటిలో మేకులు ఉంటాయి. తల విరిగి లోపల ఉండిపోయిన మేకు కంటికి కనిపించదు. నిమిషానికి ఎనిమిది వేల సార్లు తిరిగే బ్లేడుకి అది తగిలితే ఒక్క క్షణంలో కొత్త బ్లేడు పళ్ళు పళ్ళుగా అయిపోతుంది, ఇనుప ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. పాత స్పీకరులోది అయస్కాంతం ఒకటి దారానికి కట్టి, పలక మీద మెల్లగా జరపండి. మేకు ఉన్న చోట అది ఒరిగిపోతుంది. ఇసుక, సిమెంటు అంటి ఉంటే ఇనుప బ్రష్షుతో తోమి పెట్టండి. పచ్చి చెక్క ఇందులో పెట్టొద్దు, ఆరినాక మళ్ళీ వంకర పోతుంది. అంగుళం మందానికి ఒక ఏడాది ఆరాలని పెద్దోళ్ళు చెప్తారు. మా వాడు మొదటి నెలలోనే ఈ అయస్కాంతం పని మర్చిపోయి ఒక జత బ్లేడు పోగొట్టుకున్నాడు. ఆ రోజు వాడి కూలీ బ్లేడుకే సరిపోయింది.

ఇంక నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఇది.

మగ్గాల షెడ్డులో పనికి చేరినప్పుడు నాకు 19 ఏళ్ళు. అప్పుడు చెవికి ఏమీ పెట్టుకునేవాళ్ళం కాదు. దూది పెట్టుకుంటే పక్కోళ్ళు నవ్వేవాళ్ళు. పెదాల కదలిక చూసి మాట్లాడుకోవడం నేర్చుకున్నాం, అదొక గొప్ప అనుకున్నాం. ఇప్పుడు మా మనవరాలు వెనక నుంచి "తాతా" అని పిలిస్తే నాకు వినపడదు. ముందుకొచ్చి చొక్కా పట్టుకుని లాగుతుంది. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీల నియమాల్లో ఉండాది. ఈ ప్లేనర్ పలకని కొరికేటప్పుడు అది దాటిపోతుంది. పైగా రేకుల షెడ్డులో శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది. అందుకే కొనే లెక్కలోనే చెవులకి పెట్టుకునే మఫ్ ఒకటి కాదు, రెండు రాసినాను. ఒకటి వాడికి, ఒకటి పలక అందుకునే మనిషికి.

దుమ్ము సంగతి మన ఊరికి నేను చెప్పాల్నా? గనిలో రాతి దుమ్ము పీల్చి దగ్గి దగ్గి పోయిన వాళ్ళు ప్రతి లైనులో ఉండారు. గాలి లేస్తే సైనైడ్ దిబ్బల మట్టి మన ఇళ్ళల్లోకి వస్తా ఉంటుంది. దూది దుమ్ముతో మిల్లు వాళ్ళకి సోమవారం వచ్చే ఛాతీ బిగువు నాకు తెలుసు. కొయ్య దుమ్ము కూడా మంచిది కాదు. క్యాన్సర్ తెచ్చే వాటిలో కొయ్య దుమ్ముని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ పరిశోధన సంస్థ చేర్చి చానా ఏళ్ళయింది. ప్లేనర్ పొట్టు పెద్దది, నేల మీద పడుతుంది. దాంతో వచ్చే సన్న దుమ్ము గాల్లో నిలుస్తుంది. మూతికి తువ్వాలు కడితే చాలదు, దుమ్ము మాస్కు కావాల. షెడ్డుకి రెండు వైపులా తెరిచి పెట్టండి. పొట్టుని రోజూ ఊడ్చి సంచుల్లో నింపండి, కోళ్ళ ఫారం వాళ్ళు అడిగి తీసుకుపోతారు. పొట్టు కుప్పగా ఉన్న చోట బీడీ వెలిగించొద్దు.

మిషను ఆడేటప్పుడు లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి గ్లోవ్సు, ఏవీ వద్దు. రోలరు బట్టని పట్టుకుంటే చేతిని వదలదు. మిల్లులో బెల్టు ఒక అన్న చొక్కా చెయ్యి పట్టుకున్న రోజు నేను అక్కడే ఉండినాను, ఇంక రాయను. చెక్క ఇరుక్కుంటే ముందు ప్లగ్గు పీకి, తర్వాతే చెయ్యి పెట్టండి. లోపల ఏమయిందా అని ముందు నుంచి వంగి చూడొద్దు. పక్క ఇంట్లో రాత్రి డ్యూటీ చేసి పడుకున్న వాళ్ళు ఉంటే, ఏ గంటలో ఆడిస్తారో వాళ్ళని అడిగి పెట్టుకోండి. మనవి గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళు.

చివరగా దుడ్డు. గొలుసు కుదువ పెట్టి 40,000 తెస్తే మన వీధిలో నూటికి నెలకి 2 రూపాయల వడ్డీ. నెలకి 800. 18 నెలలకి వడ్డీ ఒక్కటే 14,400, అసలు అట్లానే ఉంటుంది. అప్పుడే మా పక్క లైను పిల్లోడు విశ్వకర్మ పథకం గురించి చెప్పినాడు. పి.ఎం. విశ్వకర్మ అని 2023 సెప్టెంబరు 17న మొదలయింది. 18 చేతి పనుల వాళ్ళకి, అందులో వడ్రంగి పని ఉండాది. కామన్ సర్వీస్ సెంటరులో ఆధార్, ఫోను, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు తీసుకుపోయి నమోదు చేసుకోవాల. నమోదుకి దుడ్డు కట్టే పని లేదు. మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో, తర్వాత జిల్లాలో చూసి ఒప్పుకుంటారు. అయిదారు రోజుల శిక్షణ, రోజుకి 500 ఇస్తారు. పనిముట్లకి 15,000 రూపాయల వోచరు. ఆ తర్వాత తాకట్టు లేకుండా మొదట లక్ష రూపాయల దాకా అప్పు, 18 నెలల్లో కట్టాల, వడ్డీ నూటికి ఏడాదికి 5 రూపాయలు. అది సరిగ్గా కడితే రెండోసారి 2 లక్షల దాకా. ఒక కుటుంబంలో ఒక్కరికే. గవర్నమెంటు ఉద్యోగం ఉన్న ఇంటికి రాదు.

మా వాడు లక్ష తీసుకోలేదు, 40,000 అడిగినాడు. నెలకి 2,300 పైన కొంచెం కట్టాల. మొత్తం వడ్డీ సుమారు పదహారు వందలు. పద్నాలుగు వేల నాలుగు వందలకీ దీనికీ తేడా మీరే చూడండి. కాకపోతే ఆలస్యం ఉండాది. దరఖాస్తు నుంచి అప్పు చేతికి వచ్చేలోపల మాకు ఏడు నెలలు పట్టింది. అన్ని నెలలూ వాడు ఆటోలో కొయ్య మిల్లుకి పోతానే ఉండినాడు, రాస్తానే ఉండినాడు. వోచరుతో చేతి చిత్రిక, హ్యాండ్ ప్లేనర్, క్లాంపులు వచ్చినాయి. అప్పుతో 12 అంగుళాల ప్లేనర్ వచ్చింది, 42,000 బిల్లుతో. మిగిలిన రెండు వేలు నేను వేసినాను, మఫ్‌లు, మాస్కులు కూడా నావే.

మిషను వచ్చి ఏడాది దాటింది. ఇంకా నాలుగు కంతులు ఉండాయి. పని లేని నెలలు రెండు వచ్చినాయి, ఆ నెలల్లో కంతు నా పింఛను నుంచి పోయింది. అదీ చెప్పాల కదా. ఇప్పుడు మా వీధి వడ్రంగి ఇంకొకరు కూడా తన పలకలు ఇక్కడే తెచ్చి పట్టించుకుంటాడు. కోడలి గొలుసు కోడలి మెళ్ళోనే ఉండాది.

ఆండర్సన్‌పేట అక్కకి నేను ఏం చెప్పినానంటే: "మీ ఆయన నెలకి ఎన్నిసార్లు చెక్క పట్టించను పోతాడు?" ఆమెకి తెలీదు. "అయితే ఆయనకీ తెలీదేమో" అన్నాను. నా మనవరాలి పాత నోటుబుక్కులో రాయని కాగితాలు ఉంటే చించి ఇచ్చినాను. తారీఖు, ఎన్ని పలకలు, ఎంత వెడల్పు, ఆటో, కూలి, పోయిన పూట. ఆరు గీతలు గీసి ఇచ్చినాను. నెలకి మూడుసార్ల కన్నా తక్కువ పోతా ఉంటే చీటీ దుడ్డు ముట్టుకోవద్దు, ఇంకో ఇద్దరు వడ్రంగులతో కలిసి కొనను చూడమని చెప్పినాను. నాలుగు దాటితే ముందు విశ్వకర్మ నమోదు చెయ్యమన్నాను. రెండు దారుల్లోనూ చీటీ దుడ్డు ఇంట్లోనే ఉంటుంది.

ఆమె కాగితాలు మడిచి రవికెలో పెట్టుకుని, "మూడు నెలల తర్వాత వస్తా అన్నా" అని పోయింది. వస్తే ఆ లెక్క ఇక్కడ రాస్తాను.

వచ్చే నెల ఇంటి మోటారు పంపు ఎందుకు కాలిపోతుందో చూద్దాం. మీ ప్రశ్నలు పత్రిక ఆఫీసుకి రాయండి. ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు గట్టిగా కొట్టండి, నాకు వినపడదు.